బాకీ చిల్లర

టికెట్టు వెనక నేను రాసిచ్చే అంకెను
ప్యాసింజరు మరిచిపోతాడు ఒక్కోతూరి.
నేను మరవను.
నాకు రావాల్సిందైతే అసలే మరవను.
ఆడబిడ్డ అన్న మాట, డిపోలో ఎవురో నవ్విన నవ్వు,
పద్దెనిమిదేండ్ల కిందటి ఒక ఉగాది పూట,
అన్నీ పెన్సిలుతో రాసుకోని
సంచి అడుగున పెట్టుకోనుండా.

చిత్తూరు నుంచి పలమనేరు. పలమనేరు నుంచి చిత్తూరు.
ఆడోళ్ళకు ఊరికే టికెట్టు పెట్టినాంక
బస్సులో కాలు పెట్టే సందు లేదు.
రోజుకు ఎన్ని తూర్లు మొగిలి కనమ ఎక్కి దిగినా
కనమ ఎట్టుంటుందో నాకు తెలవదు.
తల వంచుకోని టిమ్ము నొక్కేదాన్ని.

ఆ ముసిలాయన పేరు కూడా తెలవదు.
బంగారుపాళ్యం దాటినాంక ఎక్కినాడు,
గోనెపట్టలో చుట్టిన కొడవలి చంకలో.
ఐదు రూపాయలు తక్కువ.
"రేపిస్తా గదమ్మా" అన్నాడు.
రేపు అనే మాట ఆ పొద్దు
నాకు యాడనో తగిలింది.
విజిలేసినా. దించేసినా.
వాన. లైటు లేని మలుపు.
బస్సు కదిలినాంక వెనకద్దంలో
చెయ్యెత్తి నిలబడుండాడు,
తిట్టేదానికో, మొక్కేదానికో.

ఆ చెయ్యి
నా కంటిమింద నుంచి దిగలేదు.
పదకొండు రాత్రులు.

గ్రీమ్స్‌పేటలో విత్తనాలంగడి మిద్దెమింద
ఆదివారం తెల్లారి కూచుంటారని
నర్సు సెల్వరాణి చెప్పింది.
దేవుడి పటం లేదు. ఊదొత్తి లేదు.
కింద నుంచి శెనక్కాయ విత్తనాలకు పట్టించిన మందు వాసన.
ఎవురూ పుణ్యానికి రాలేదు ఆడికి.
మామిడి మండీ చెంగల్రాయుడు
కాయ ధర పడిపోయిన ఏడు
అన్నం గొంతు దిగక వచ్చినాడు.
మూల కూచునే పిలగాడు ఎందుకొచ్చినాడో
ఆర్నెల్లయినా చెప్పలేదు, మేమూ అడగలేదు.
నేను నిద్ర కోసరం.

"ఊపిరి చూడక్కా" అనింది సెల్వరాణి.
ఏముండాది చూసేదానికి?
వస్తాది, పోతాది.
మొదటి వారం చీమ కుట్టింది.
రెండో వారం ఏడ్చినా. మూడో వారం ఎగ్గొట్టినా.
ఆ తర్వాతెప్పుడో
లోపల్నుంచి నా గొంతే నాకు వినపడింది,
రోజూ బస్టాండులో అరిచే అరుపు:
"దిగేవాళ్ళని దిగనీండబ్బా ముందు!
మీరు తర్వాత ఎక్కండి!"
కండ్లు తెరవకుండానే నవ్వినా.
ఊపిరి దిగింది.
దాని పాటికి అది, ఇంగొకటి ఎక్కింది.

మారిపోయినావే అంటాడు మా ఆయన.
ఏం మారినా?
నిన్న కూడా కూరలో ఉప్పెక్కువైందన్నాడని
గిన్నె ఎత్తేసినా.
కాకపోతే ఈతూరి
చెయ్యి లేస్తాండేది నాకు తెలిసింది.
కనమ దిగేటప్పుడు వెనక లారీ రాకముందే
దాని వెలుతురు బండమింద పడతాది చూడు, అట్ట.
ఒక్కోతూరి పక్కకు జరుగుతాం.
ఒక్కోతూరి గుద్దించుకుంటాం.

సంచి అడుగున చీటీలు అట్నే ఉండాయి.
పెన్సిలు రాతలు గదా, కొన్ని మాసిపొయినాయి.
ఆడబిడ్డ అన్న మాటేందో
మొన్న ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలా.
రొంత బాధేసింది కూడా,
అంత పాత బాకీ.

కనమలో సీతాఫలం చెట్లుండాయని
ఈ ఏడే చూసినా.

ముసిలాయన మళ్ళ ఎక్కలేదు.
నేను కండ్లు మూసిన ప్రతి ఆదివారం వస్తాడు,
తడిసిన గోనెపట్టతో, కిటికీ పక్క సీటుకు.
టికెట్టు అడగను.
దిగమననూ అనను.
డ్యూటీలో ఆ మలుపు కాడికి వచ్చినప్పుడు మాత్రం
రెండు విజిళ్ళు వేసే ముందర
ఒకతూరి తల బయట పెట్టి చూస్తా.
సంచి బయటి అరలో ఐదు రూపాయల బిళ్ళ ఒకటి.
డిపోలో దుడ్లు కట్టేటప్పుడు
దాన్ని లెక్కలో కలపను.